గింజకి నేర్పిన వాసన

కోడలు తనని చూసి నవ్విన రోజున తవిటమ్మకి ముందు భయం వేసింది.

కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ దమయంతి అత్తగారి ఎదుట నవ్విన పాపాన పోలేదు. ఆ పిల్లని తప్పుపట్టడానికీ లేదు. పలాసలో జీడి బట్టీ దగ్గర కూర్చుని పిక్కలు కొట్టే ఆడవాళ్ళలో తవిటమ్మ నోటికి జడవని మనిషి లేదు. మేస్త్రీ సైతం ఆమె కూర్చున్న వరస దాటేటప్పుడు అడుగు తొందరగా వేసేవాడు. దానికి తోడు ఆ వాసన. జీడిపిక్క పెంకులో నూనె ఉంటుంది, ఒంటికి తగిలితే నిప్పులాగే కాలుస్తుంది. చేతులకి బూడిద పూసుకున్నా, ఆముదం పూసుకున్నా, ఏళ్ళ తరబడి కొట్టేసరికి వేళ్ళు నల్లబడిపోతాయి. కాలిన పెంకు వాసన చర్మంలోకి దిగిపోతుంది. రుద్దితే పోయేది కాదు. ఇంటరు దాకా చదివి మందస నుంచి వచ్చిన దమయంతి, ఆ వాసన తగిలితే చాలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. 

"ఈ కంపు సేతుల్తోనే నీ మొగుణ్ణి పెంచినానే!" అని తవిటమ్మ అందుకునేది. ఇక ఆ పూటకి ఇంట్లో వంట ఎవరు చేస్తారో దేవుడికే తెలియాలి.

అలాంటి కోడలు విశాఖపట్నం ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు, తవిటమ్మ పని నుంచి వచ్చి గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఉంటే, మంచం మీంచి తల తిప్పి చూసి నవ్వింది. మర్యాదకి పెదవులు సాగదీసిన నవ్వు కాదు. ఉయ్యాల్లోకి తొంగిచూసే తల్లి మొహం ఎలా విచ్చుకుంటుందో అలా.

"ఏటే? ఏటైనాది నీకు?" అంది తవిటమ్మ చెంబు పట్టుకుని అక్కడే నిలబడి.

"ఏటీ లేదత్తా. నువ్వొచ్చినావు కదా, అందుకు."

తవిటమ్మ దగ్గరికి వెళ్ళి చూసింది. కోడలి రవిక తడిసిపోయి ఉంది. పాలు. ఇన్నాళ్ళూ ఒక్క చుక్క పడని పాలు ధారగా కారిపోతున్నాయి. పక్కనే ఉయ్యాల్లో చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది. దాని వైపు దమయంతి కన్నయినా తిప్పలేదు.

*

దమయంతికి కాన్పు కష్టమైంది. బిడ్డ దక్కింది గానీ తల్లి ఒంట్లో రక్తం మంచం కింద మడుగు కట్టింది. రక్తం అందక ఆమె తలలో ఒక గ్రంథి చచ్చిపోయిందని విశాఖలో తేల్చారు. తేల్చిన మనిషి డాక్టర్ సుభాషిణీ పట్నాయక్. జుట్టు నెరిసినా రంగేసుకోని మనిషి, ఎదుటివాళ్ళని సూక్ష్మదర్శినిలోంచి చూసినట్టు చూస్తుంది. తవిటమ్మకి అర్థమయ్యేలా చెప్పాలని తన టిఫిను డబ్బాలోంచి ఉడికిన శనగగింజ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఇంతే ఉంటుందమ్మా. ముక్కు వెనకాల మెదడుకి వేలాడుతుంటుంది. గొంతులో ఒక గ్రంథి ఉంది, కిడ్నీల మీద రెండున్నాయి, కడుపులో అండాశయాలున్నాయి. వాటికి ఇది మేస్త్రీ. లేవండి, పనిలోకి దిగండి అని రక్తంలో కబురు పంపుతుంది. ఆ కబురునే మేము హార్మోను అంటాం."

"మేస్త్రీ సచ్చిపోతే పనోళ్ళకి సుకమే కదా డాట్రమ్మా."

"మీ బట్టీలో సుఖమేమో. ఒంట్లో మాత్రం పనివాళ్ళందరూ ముసుగు తన్ని పడుకుంటారు. చూడండి మీ కోడల్ని. ఈ ఎండల్లో దుప్పటి కప్పుకుంది. ఆకలి లేదు, కన్నీళ్ళు లేవు, పాలు లేవు."

నిజమే. బిడ్డ పుట్టిందని చెబితే దమయంతి, ఎవరింట్లోనో ఆవు ఈనిందని విన్నట్టు వింది. 

కొన్నిటికి మాత్రలున్నాయట. గొంతు గ్రంథి చేసే పనికి ఒక మాత్ర, కిడ్నీల మీద గ్రంథులు చేసే పనికి ఒక మాత్ర. కానీ పాలు చేపడం, బిడ్డ మీద ప్రాణం లాగడం మాత్రలతో అయ్యే పని కాదు. బిడ్డ దగ్గరకొచ్చినప్పుడల్లా, దాని వాసన తగిలినప్పుడల్లా ఆ కబురు అలలు అలలుగా పోవాలి. అందుకని పట్నాయక్ మేడమ్ చింతగింజంత యంత్రాన్ని తయారుచేసింది. మెడ ఎముక కింద చర్మంలో పెడతారు. దానికి ముక్కుగా ఒక ముక్కుపుడక. పుడక వాసన పడుతుంది, గింజ హార్మోను వదులుతుంది. ఏ వాసనకి వదలాలో ముందు నేర్పాలి.

"దీన్నిప్పటిదాకా ఎవరికి పెట్టినారు మేడమ్?" అనడిగాడు జోగులు. దమయంతి మొగుడు, తవిటమ్మకి ఒక్కడే కొడుకు. అదే బట్టీలో బాయిలరు దగ్గర పని.

"గొర్రెలకి."

"ఆటికి బాగున్నాదా?"

"బాగానే ఉంది."

"అయితే మాకూ బాగానే ఉంటాది లెండి," అన్నాడు. ఎగతాళికి అన్నాడో, నమ్మే అన్నాడో అతనికే తెలీదు. గొర్రెల తర్వాత వంతు జీడి బట్టీ వాళ్ళదే, ఆ తర్వాతే మేడల్లో వాళ్ళది. ఈ వరస ఎవరు రాశారో గానీ తప్పడం ఎప్పుడూ చూడలేదు.

బిడ్డకి అప్పటికి ఒళ్ళు పచ్చబడే పసికర్లు వచ్చి వేరే మేడలో, గాజు పెట్టెలో, నీలి దీపాల కింద ఉంది. తల్లి దగ్గరికి తెచ్చే వీల్లేదు. అందుకని మేడమ్ తవిటమ్మని పిలిచి, "బిడ్డకి చుట్టిన గుడ్డలు మూడు కావాలి, ఉతక్కూడదు," అంది. మూడెందుకంటే, మూడింట్లోనూ మారకుండా ఉన్న వాసన ఏదో అదే బిడ్డదని యంత్రం పట్టుకుంటుందట. సబ్బు వాసన, పౌడరు వాసన ఒక్కో గుడ్డకి ఒక్కోలా ఉంటాయి, అవి వదిలేస్తుందట. తవిటమ్మ మూడు పొత్తిగుడ్డలు తెచ్చి ఇచ్చింది. యంత్రం వాటిని వాసన చూసి, మారనిదాన్ని పట్టుకుని, గింజకి నేర్పింది. అది పనిలోకి దిగడానికి ఒక రోజు పడుతుందని చెప్పి, ఆలోగా తల్లినీ బిడ్డనీ ఇంటికి పంపేశారు.

*

ఇంటికొచ్చాక ఆ నవ్వుతో మొదలైన వింత రోజురోజుకీ పెరిగింది. తవిటమ్మ గదిలోకి వస్తే దమయంతి ఒళ్ళు వెచ్చబడేది, కళ్ళలో తడి వచ్చేది. తవిటమ్మ పక్కన కూర్చుంటే పాలు చేపేవి. వాటిని గ్లాసులోకి పిండి, ఉగ్గుగిన్నెతో తవిటమ్మే చంటిదానికి పట్టేది. గింజ ఎప్పుడెంత పనిచేసిందో విశాఖలో మేడమ్ తన తెరమీద చూసుకునేది. "బ్రహ్మాండంగా ఉంది, పాలు వస్తున్నాయిగా!" అని ఫోనులో సంబరపడింది. ఎవరిని చూసి వస్తున్నాయని ఆమె అడగలేదు. తెర మీద గీత పైకి లేస్తే చదువుకున్నవాళ్ళకి ఇంకే అనుమానాలూ ఉండవు.

తవిటమ్మకీ అడగబుద్ధి కాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమెని ఎవరూ అలా చూడలేదు మరి. తల్లి ముఖం గుర్తులేదు. కట్టుకున్నవాడు కల్లు దుకాణం వైపు చూసినంత ఆశగా పెళ్ళాం వైపు ఎన్నడూ చూడకుండానే పోయాడు. కొడుక్కి ఆమె అంటే భయం, కాస్త జాలి. ఇప్పుడీ పరాయింటి పిల్ల, ఆమె నల్లటి వేళ్ళని ఒకటొకటిగా తడుముతూ, "నొప్పెడతాయా అత్తా?" అని అడుగుతోంది. ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఆమెని ఎవరూ అడగలేదు. తవిటమ్మ, "పడుకోవే, కబుర్లు సాల్లే!" అని కసిరి, పెరట్లోకి పోయి కొంగుతో మొహం తుడుచుకుంది.

బట్టీలో పక్కన కూర్చునే రాములప్ప గుర్తుపట్టేసింది. "ఏటొలే తవిటీ, ఈ మద్దెన మేస్త్రీని కూడా తిట్టడం మానేసినావు. ఒంట్లో బాగుండలేదేటి?"

"నా ఒంటికేటి, గుండ్రాయిలాగున్నాను. నీ పిక్కలు నువ్వు కొట్టుకో."

కానీ ఒంట్లో ఏదో మారిన మాట నిజం. పొద్దున్నే లేవగానే ఇంటికి మళ్ళీ ఎప్పుడు వస్తానా అనిపించేది.

అంతలో కాశీబుగ్గలో చుట్టాలింట్లో ఓణీల వేడుక వచ్చింది. తవిటమ్మ కుంకుడుకాయతో తలంటుకుని, వాసన సబ్బుతో ఒళ్ళు తోముకుని, ట్రంకు పెట్టెలోంచి కలరా ఉండల వాసన కొట్టే కొత్త కోక తీసి కట్టుకుంది. వేడుక నుంచి కోడలి కోసం లడ్డూ కొంగున మూటగట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడింది.

దమయంతి చూసింది. "వొచ్చినావా," అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

కోడలికి కోపం వచ్చిందేమో అనుకుంది తవిటమ్మ. తనేమన్నా అందా? పొద్దున్న లేవగానే కదా తనని చూసి నవ్వింది! లడ్డూ మంచం పక్కన పెట్టి, పెరట్లోకి పోయి, ఇంటి కోక కట్టుకుని వచ్చింది. దమయంతి తల తిప్పింది. మొహం మెల్లిగా విచ్చుకుంది.

తవిటమ్మ మళ్ళీ పెరట్లోకి వెళ్ళి, ఆ కోక విప్పి దండెం మీద పడేసి, కొత్త కోక చుట్టుకుని వచ్చింది. దమయంతి మొహం ఆరిపోయింది. మళ్ళీ మార్చుకుంది. వెలిగింది. బల్బుకి స్విచ్చు వేసి తీసినట్టు.

"ఏటత్తా ఆ కోకలు మార్సుకోడం?" అంది దమయంతి నవ్వుతూ.

"ఏదీ నప్పలేదే," అంది తవిటమ్మ.

పెరట్లో రాయి మీద కూర్చుని ఆలోచించింది. బిడ్డకి పుట్టగానే కొత్తబట్ట ఎవరూ కట్టరు. ఆయుష్షున్న ముసలిదాని పాత కోక చింపి పొత్తిగుడ్డలు చేస్తారు. తానూ అదే చేసింది. ఏళ్ళ తరబడి తన ఒంటి మీద నలిగి మెత్తబడిన కోక ఒక్కటే మూడు ముక్కలుగా చింపింది. బిడ్డకి చల్లగా తగలకూడదని ఆసుపత్రి వరండాలో ఒళ్ళో పెట్టుకుని వెచ్చజేసి మరీ నర్సుకి అందించింది. ఆ మూడింట్లో మారని వాసన బిడ్డదెలా అవుతుంది? 

కోడలు ఇన్నాళ్ళూ ప్రాణం పెట్టింది తన మీద కాదు. తన కోక మీద.

అప్పుడే విశాఖకి కబురు చేసుండాల్సింది. చేయలేదు. ఇవాళ జోగులుకి రెండు షిఫ్టులు, రేపు చెబుదాం అనుకుంది. రేపొచ్చాక, పాలైతే వస్తున్నాయి కదా, బిడ్డ ఎదుగుతోంది కదా అనుకుంది. ఇంటికి రాగానే ఇంటి కోక కట్టుకునేది. కోకే కానీ, ఆ చూపు పడేది తన మీదే కదా!

మరోపక్క చంటిది ఉయ్యాల్లోంచి తల్లి వైపు చేతులు చాపడం, అందకపోతే పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరించడం ఆమె చూస్తూనే ఉంది. ఏడిస్తే దమయంతి, "ఎవరైనా ఆ పిల్లని తీసుకెళ్ళండి," అనేది. అది విన్నప్పుడల్లా తవిటమ్మ బిడ్డని ఎత్తుకుని పెరట్లోకి పోయేది.

అప్పుడు ఆమెకి గేదె గుర్తొచ్చింది. చిన్నప్పుడు వాళ్ళింట్లో దూడ చచ్చిపోతే, దాని తోల్లో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టేవాళ్ళు. గేదె దాన్ని నాకుతూ పాలు చేపేది. వాసన ఉంటే చాలు, బిడ్డ అక్కడుందని ఒళ్ళు నమ్మేస్తుంది. మరి తన వాసన బిడ్డకి చుడితే?

ఇంటి కోకతో చుట్టి చూసింది. దమయంతి కాస్త తలెత్తింది, అంతే. వాసన చాల్లేదు. మర్నాడు తవిటమ్మ బట్టీ నుంచి వస్తూనే ఒంటి మీది పనికోక విప్పి, అందులో చంటిదాన్ని చుట్టి, కోడలి ఒళ్ళో పెట్టింది.

దమయంతి ఉలిక్కిపడింది. బిడ్డని రెండు చేతులా పొదివి పట్టుకుని, తలవంచి, గుండెల నిండా పీల్చింది. "నా తల్లీ!" అంది. ఆమె కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు రాలాయి. చంటిది మొదటిసారి తల్లి రొమ్ము అందుకుంది. గుమ్మంలో నిలబడ్డ జోగులు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. తవిటమ్మ లోపలికి పోయి, చేతికి దొరికిన గిన్నెనల్లా తోమేసింది.

తోమి వచ్చేసరికి చంటిది ఏడుస్తోంది. ఆకలి ఏడుపు కాదు. తవిటమ్మ వంగి చూసింది. బిడ్డ చెంప మీద, మోచేతి మీద చర్మం ఎర్రగా పొంగి నీటి బుడగలు లేచాయి. పనికోక నిండా జీడి నూనె చిమ్మిన చుక్కలు. తన మొద్దుబారిన చర్మానికి అవి ఏనాడో తెలియడం మానేశాయి.

"ఒలమ్మా! ఇటియ్యి! పిల్లకి కాల్తంది, సూళ్ళేదేటే!"

దమయంతికి ఏడుపు వినిపిస్తున్నట్టు లేదు. కోకలో మొహం పెట్టి వాసన పీలుస్తూ, నవ్వుతూ ఉంది. తవిటమ్మ కోకని లాగి విప్పింది. విప్పిన క్షణాన దమయంతి చేతులు వదులైపోయాయి. బిడ్డ ఒళ్ళోంచి జారింది. జోగులు దూకి పట్టుకున్నాడు గనక సరిపోయింది. తల్లి చేతులు రెండూ కోక కొంగుని మాత్రం వదల్లేదు.

*

"ఆ గుడ్డలు మీ పాత కోకవని నాతో ఎందుకు చెప్పలేదమ్మా?" అంది పట్నాయక్ మేడమ్. చంటిదాని చెంపకి నర్సు మందు రాసి తీసుకెళ్ళింది. విశాఖ ఆసుపత్రి గదిలో ఇద్దరే ఉన్నారు.

"మీరడగలేదు. పసిగుడ్డుకి కొత్తబట్ట ఎవరైనా కడతారేటి డాట్రమ్మా?"

"మా బామ్మ చీరలోనే చుట్టారట నన్ను కూడా," అంది మేడమ్. "గొర్రెల దగ్గర ఈ ఇబ్బంది రాలేదు. అవి బట్టలు కట్టవు."

"తెలిసినాక కూడా నాను సెప్పలేదు. అది మీ తప్పు కాదు, నాది."

"ఎందుకు చెప్పలేదు?"

తవిటమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. "నన్ను సూసి నవ్వేది," అంది.

మేడమ్ ఆ మాట రాసుకోబోయి మానేసింది. గింజలో ఒక్క వాసనకే చోటుందనీ, కొత్తది నేర్పితే పాతది చెరిగిపోతుందనీ చెప్పింది. ఈసారి గుడ్డలేమీ వద్దు, బిడ్డనే నేరుగా తల్లి దగ్గర పడుకోబెట్టి నేర్పుతారట.

"ఒక్క మాట డాట్రమ్మా. ఇన్నాళ్ళూ దానికి నా మీద ఉన్నది ఉత్తుత్తిదేనా?"

"ఉత్తుత్తిదెలా అవుతుంది? మీరు జోగులుని కన్నప్పుడు మీ తలలోంచి వచ్చిందీ అదే మందు. అక్కడ ఎవరూ పెట్టకుండా వచ్చింది, ఇక్కడ నేను పెట్టాను. రక్తంలోకి వెళ్ళాక రెండిటికీ తేడా నాకే తెలీదు. తెలుసుకోవాలనే ఈ పని మొదలెట్టాను. ఇంకో సంగతి. అది పాలూ ప్రేమే కాదు, కాపలా కూడా కాయిస్తుంది. ఈనిన కుక్క దగ్గరికి వెళ్తే ఏం చేస్తుందో చూసే ఉంటారు. బిడ్డని కాల్చింది మీరని ఆమెకి తెలుసు. దగ్గరికి రానివ్వకపోవచ్చు," అంది.

పక్కగదిలో దమయంతికి అంతా చెప్పారు. ఆమె తవిటమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నీ వాసన తీసెయ్యనీకత్తా. ఇది పోతే నిన్ను మళ్ళీ తిడతాను."

"తిట్టు. నాకేటి నోరు లేదేటి? నానూ తిడతాను."

"నీ మీద నాకు ఏటీ ఉండదు. తెలుస్తందా నీకు? ఏటీ ఉండదు."

"పిల్లకి తల్లుండాల," అంది తవిటమ్మ. ఒక్కో వేలూ విడిపించుకుని గది బయటికి నడిచింది. ఆమె వాసన లోపలికి రాకుండా నర్సు తలుపు వేసి, కింద సందులో తడిగుడ్డ కుక్కింది.

*

ఈసారి గింజ సరిగ్గా నేర్చుకుంది. దమయంతి బిడ్డ ఏడవకముందే లేచేది. నిద్రలో కూడా చెయ్యి ఉయ్యాల తాడు మీదే ఉండేది. పాలు సమృద్ధిగా పడ్డాయి. చంటిదాని చెంప మీద చర్మం మాని, లేత మచ్చ మిగిలింది.

మేడమ్ చెప్పింది కూడా జరిగింది. తవిటమ్మ గుమ్మంలో అడుగుపెడితే దమయంతి మెడ మీద వెంట్రుకలు లేచేవి. బిడ్డని గుండెకి హత్తుకుని గోడకి జరిగేది. మాటేమీ అనేది కాదు. అంటే బాగుండేది. తవిటమ్మే గది లోపలికి రావడం మానేసింది. పెరట్లో రేకుల కింద మంచం వేసుకుంది. జోగులు కంచం అక్కడికే తెచ్చిపెట్టేవాడు.

"దానికి నువ్వంటే కోపం లేదమ్మా. ఒళ్ళు అలాగయిపోతంది అంటాది."

"నాకు తెలుసురా. కూరలో ఉప్పు సరిగ్గా ఎయ్యమను," అంది. బిడ్డని ముట్టుకోనని ఎవరికీ చెప్పకుండానే తనలో తనే ఒట్టు పెట్టుకుంది. గోడ అవతల అది ఊకొడుతుంటే వినేది. 

బట్టీకి సెలవున్న ఒక మధ్యాహ్నం తవిటమ్మ రేకుల కింద చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. అలికిడైతే తలెత్తింది. గుమ్మంలో దమయంతి. చంకలో బిడ్డ.

తవిటమ్మ గభాలున లేచి, పెరటి గోడ వైపు వెనక్కి జరిగింది. "ఏటి కావాల? నాను పక్కకి పోతాను, నువ్వు రా."

దమయంతి అక్కడే ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఊపిరి గట్టిగా పీల్చి ఒక అడుగు వేసింది. మళ్ళీ ఆగింది. ఎదురుగాలిలో నడుస్తున్నట్టు ఇంకో అడుగు వేసింది. దగ్గరికి వచ్చేసరికి ఆమె నుదుటి మీద చెమట పట్టింది. చంకలో ఉన్న బిడ్డని రెండు చేతుల్లోకి తీసుకుని ముందుకు చాపింది. బిడ్డ చొక్కాని పట్టుకున్న వేళ్ళు తెల్లగా పాలిపోయాయి.

"తీసుకో అత్తా."

"ఒద్దే. నీ ఒళ్ళు సూడు, ఎలాగ అదురుతందో."

"గింజ ఒద్దంటంది," అంది దమయంతి పళ్ళు బిగించి. "నాను తీసుకోమంటన్నాను. బేగి తీసుకో, మళ్ళీ నా వల్ల కాదు."

తవిటమ్మ ఒక్క ఉదుటున కుళాయి దగ్గరికి వెళ్ళింది. మోచేతుల దాకా సబ్బు పెట్టి తోమింది, కడిగింది, మళ్ళీ తోమింది. దండెం మీంచి ఉతికిన తువ్వాలు తీసి తుడుచుకుని, దాన్నే గుండెల మీద పరుచుకుంది. ఆమె వచ్చేదాకా దమయంతి బిడ్డని అలా చాపి పట్టుకునే నిలబడి ఉంది. పెదవి పంటి కింద నొక్కుకుపోయి ఉంది, కళ్ళు మూసుకుని ఉంది.

తవిటమ్మ బిడ్డని అందుకుంది. దమయంతి వేళ్ళు చొక్కాని వెంటనే వదల్లేదు. ఒకటి వదిలింది, తర్వాత ఇంకొకటి.